నూటిరవయ్యేడు పళ్ళ చక్రం

కొత్తవలస స్టేషను దగ్గర రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి విజయనగరం మీదుగా హౌరా వైపు పోతుంది. రెండోది శృంగవరపుకోట దాటి, కొండలెక్కి, బొర్రా, అరకు మీదుగా బస్తరు అడవుల్లోని కిరండూల్ దాకా వెళుతుంది. ఈ రెండో దారి 1960లలో పడింది. బైలాడిలా కొండల్లోని ఇనప రాయి జపాను ఉక్కు మిల్లులకు కావలసి వచ్చింది. దాన్ని విశాఖ రేవుకు దించడానికి 58 సొరంగాలు తొలిచి, నాలుగు వందల నలభై పైచిలుకు కిలోమీటర్ల పట్టా పరిచారు. ఆ పట్టాల మధ్య ఎడం అయిదడుగుల ఆరంగుళాలు, ఇంగ్లీషువాళ్ళ కాలంలో స్థిరపడిన కొలత. ఇప్పుడు రైల్వే కాయితాల్లో అదే ఎడాన్ని 1676 మిల్లీమీటర్లని రాస్తారు. బండికి తేడా తెలియదు, మాకూ తెలిసేది కాదు.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డప్పుడు మా ఊరు విశాఖ జిల్లాలోంచి అందులోకి వచ్చింది. నాన్న పోస్టుకార్డుల మీద జిల్లా పేరు కొట్టేసి కొత్త పేరు రాసేవారు. నాకు బాగా గుర్తున్న రోజులు ఆ చుట్టుపక్కలవే.

అప్పటికి మెట్రిక్ కొలతలొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. చట్టం 1956లో చేశారు, 1957 ఏప్రిల్ 1న నయా పైసలు దిగాయి, 1958 అక్టోబరు 1 నుంచి కిలోలూ మీటర్లూ మొదలయ్యాయి, 1962 నాటికి పాత తూకాలు చెల్లవన్నారు. అదంతా ఢిల్లీలో. మా ఇంట్లో నాయనమ్మ చింతపండు వీశెల్లోనే అడిగేది, బియ్యం కుంచంతో కొలిచేది. అమ్మ జాకెట్టు గుడ్డ మీటరు లెక్కన కొంటే, కుట్టేవాడు టేపు పట్టుకుని అంగుళాల్లో రాసుకునేవాడు. తలుపులు చేసే వడ్రంగికి అంగుళానికి ఎనిమిది నూళ్ళు. పొలం ఎకరాల్లో, ఇంటి స్థలం గజాల్లో. ఎవరికీ ఇబ్బంది అనిపించేది కాదు. వీశె పోయి కిలో వస్తే త్రాసులో రాళ్ళు మార్చుకుంటే చాలు, కోమటి కొట్టులో పని మళ్ళీ నడిచిపోతుంది.

ఇనుముని తిప్పి చెక్కే లేతు మిషనుకి ఆ వీలు లేదు. దాని కొలత దాని ఒంట్లోనే ఉంటుంది. ఆ సంగతి నాకు మా మావయ్య షెడ్డులో తెలిసింది.

మావయ్య షెడ్డు స్టేషనుకి అట్టే దూరం కాదు. మా ఊరి చుట్టూ రాతి క్వారీలు, పిక్క కొట్టే క్రషర్లు. మధ్యాహ్నం వేళ క్వారీల్లో మందుగుండు పేలితే ఇంట్లో గూట్లోని గిన్నెలు గలగలమనేవి. క్రషర్లో షాఫ్టు విరిగినా, బుష్ అరిగినా, రాయి మోసే లారీకి స్టడ్డు తెగినా మావయ్య దగ్గరకే తెచ్చేవారు. సెలవుల్లో ఆయనకి అన్నం క్యారేజి తీసుకెళ్ళడం నా పని. అన్నం, పప్పు, వేసవిలో అయితే ఓ గిన్నెలో చోడి అంబలి. క్యారేజి ఖాళీ అయ్యేదాకా ఉండమనేది అమ్మ. ఖాళీ అయ్యాక కూడా ఉండిపోయేదాన్ని.

షెడ్డుకి యజమాని మావయ్యే గానీ, మిషను మాత్రం మేస్త్రి తాతది. మాకు చుట్టం కాదు, ఊరంతా తాత అనే పిలిచేది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరై వచ్చినవాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళవాళ్ళు ఖరగ్‌పూర్ వెళ్ళి, అక్కడే కాపురాలు పెట్టి, తెలుగు బడులు కూడా నడుపుకున్నారు. ఆయనా అలా వెళ్ళినవాడే. చదువు అయిదో తరగతి. తెలుగు, బెంగాలీ, రైల్వే హిందీ కలిపి మాట్లాడేవాడు. మిషను ముందుకెళ్ళే ముందు నాకు ఒక్కటే షరతు.

“ఒలే గుంటా, జడ ముడేసుకో ముందు. మిషను నీ జడా పరాయోళ్ళ జడా అని సూడదు.”

లేతు ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు. పేరు పలక ఎప్పుడో ఊడిపోయి, రివిట్ల కన్నాలు మిగిలాయి. ఏదో మిల్లు వేలంలో మావయ్య కొన్నాడు. కోయాల్సిన కడ్డీని పట్టి తిప్పే చక్ పక్కనుంచి పొడుగ్గా, బెడ్ కింది వైపున ఒక మర కడ్డీ ఉండేది, దాన్ని లీడ్ స్క్రూ అంటారు. టూల్ పట్టుకున్న శాడిల్‌ని అదే నడిపిస్తుంది. ఆ కడ్డీ మీద అంగుళానికి సరిగ్గా నాలుగు మరలు. అంటే అది ఒక చుట్టు తిరిగితే టూల్ పావు అంగుళం కదులుతుంది. మిషను ఎముకల్లో ఉన్న కొలత ఇదే. మీరు ఏ మర కొయ్యాలన్నా ఈ పావు అంగుళంలోంచే పుట్టించాలి.

ఎలా పుట్టిస్తారంటే గేర్లతో. మిషను ఎడమ చివర తలుపు తీస్తే పళ్ళ చక్రాలు ఒకదానితో ఒకటి కరుచుకుని ఉండేవి. పైన చక్‌తో కలిసి తిరిగే చక్రం ఒకటి, కింద లీడ్ స్క్రూకి బిగించిన చక్రం ఒకటి, మధ్యలో రెంటినీ కలపడానికి ఒక ఐడ్లరు. పైన 40 పళ్ళది, కింద 80 పళ్ళది వేస్తే చక్ రెండు చుట్లు తిరిగితే లీడ్ స్క్రూ ఒక చుట్టు తిరుగుతుంది. అప్పుడు అంగుళానికి ఎనిమిది మరలు పడతాయి. కింద 100 వేస్తే అంగుళానికి పది. గుణకారం, భాగహారం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యే పనే. ఐడ్లరుకి ఎన్ని పళ్ళున్నా లెక్క మారదని తాత చెబితే నేను నమ్మలేదు. కాయితం మీద హెచ్చవేసి చూసుకుంటే నిజంగానే అది పైనా కిందా కొట్టుకుపోయింది.

గేర్లన్నీ ఒక పాత కిరసనాయిలు డబ్బాలో ఉండేవి. 20 పళ్ళ నుంచి 120 దాకా, అయిదేసి పెంచుకుంటూ. ప్రతిదాని మీదా అంకె పొడిచి ఉండేది. నా ఉద్యోగం వాటిని కిరసనాయిల్లో కడిగి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న ఇనప రజను పాత టూత్‌బ్రష్‌తో గీకి, వరసలో పేర్చడం. అంకె అరిగిపోయినవాటిని సుద్దముక్కతో గుర్తు పెట్టి, పళ్ళు లెక్కపెట్టేదాన్ని. అన్నీ అయిదో ఎక్కంలో ఉంటే, ఒక్కటి మాత్రం వరసలో నిలిచేది కాదు. డబ్బాలోనూ పట్టేది కాదు. పచ్చడి జాడీ మూతకన్నా పెద్దది, రెండు చేతులతో ఎత్తాలి. గోడకి మేకు కొట్టి విడిగా తగిలించేవారు. దాని మీద 127 అని పొడిచి ఉండేది.

“ఇదేటి తాతా, ఎక్కంలో నేదు?” అని ఆయన యాసలోనే అడిగాను.

“పాలోళ్ళిద్దరి తగువు తీర్సే పెద్దమనిసే అది. అంగుళం ఒక పాలోడు, మిల్లీమీటరు ఒక పాలోడు. అది నేకపోతే ఆలిద్దరూ ఒక అరుగు మీద కూకోరు.”

నిజం కూడా అంతే. ఒక అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. దాన్నే అయిదుతో హెచ్చిస్తే 127. అయిదంగుళాలు నూటిరవయ్యేడు మిల్లీమీటర్లకు ఎక్కువా తక్కువా లేకుండా సరిపోతాయి, అంతకు తక్కువ అంగుళాల్లో ఎక్కడా అలా సరిపోవు. ఆ తర్వాత బడిలో ప్రధాన సంఖ్యలు చెప్పినప్పుడు నాకు ఈ చక్రం ఎందుకంత పెద్దదో తెలిసింది. 127ని ఏ అంకె భాగించదు. 120 పళ్ళ చక్రం పని కావాలంటే 60నీ 40నీ రకరకాలుగా కలిపి ఎలాగో నడిపించుకోవచ్చు. 127 పనిని ముక్కలు చేసి చిన్న చక్రాలకి పంచడానికి లేదు. సరిగ్గా కావాలంటే అన్ని పళ్ళూ ఉన్న చక్రమే ఉండాలి.

మిల్లీమీటరు మరలు మా ఊళ్ళోకి ఎక్కువగా లారీల మీద ఎక్కి వచ్చాయి. క్వారీ లారీల్లో రెండు జాతులుండేవి. లేలండ్ ఇంగ్లీషు సంతానం, దాని బోల్టులు అంగుళాల్లో ఉండేవి. టాటా లారీ 1954లో జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి మొదలైంది కాబట్టి దానివి మిల్లీమీటర్లు. మెకానిక్ దగ్గర రెండు సంచుల స్పానర్లుండేవి. ఒక సంచిలో అర, అయిదెనిమిదులు, ముప్పావు. ఇంకో సంచిలో పన్నెండు-పదమూడు, పద్దెనిమిది-పందొమ్మిది. ఒకదాని బోల్టుకి ఇంకోదాని నట్టు ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోయేది. బలవంతం చేస్తే రెండూ పాడే. ఇవి చాలవన్నట్టు, విశాఖలో 1966లో చెకొస్లొవేకియా సాయంతో పెట్టిన హెవీ ప్లేట్స్ కర్మాగారం, తరవాత సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారం. అక్కడంతా మిల్లీమీటరే. అక్కడ కాంట్రాక్టు పనులు చేసేవాళ్ళ యంత్రాలు మా దారినే పోయేవి, మా దారిలోనే విరిగేవి.

అలా ఒకసారి ఒక లారీ క్లీనరు తెగిన స్టడ్డు గుడ్డలో చుట్టి తెచ్చాడు. 20 మిల్లీమీటర్ల లావు, మరకీ మరకీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు. తాత త్రెడ్ గేజి ఆకులు ఒక్కొక్కటే తెగిన ముక్క మీద ఆనించి, వెలుతురుకి ఎత్తి చూశాడు. సందులోంచి వెలుతురు రాని ఆకు మీద 1.5 అని ఉంది. నాకు ఆకు చూపించి, గోడ వైపు చెయ్యి ఊపాడు. గోడ మీద ఆయన నీలం రంగుతో రాసుకున్న పట్టీ ఉండేది. ఒకటికి 20, ఒకటింపావుకి 25, ఒకటిన్నరకి 30, ఒకటీముప్పావుకి 35, రెండుకి 40, రెండున్నరకి 50. కింద ఎప్పుడూ 127. అంతే. మా లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు మరలది కావడం వల్ల వచ్చిన సుఖం ఇది. నాలుగుని అయిదుతో హెచ్చిస్తే ఇరవై, కావలసిన మిల్లీమీటర్లని ఇరవైతో హెచ్చిస్తే పైన వేయాల్సిన గేరు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని అరపేజీ సూత్రంగా రాస్తారు. తాతకి అది ఇరవయ్యో ఎక్కం.

నేను 30 తెచ్చాను. 127ని మావయ్య దించాడు. ఐడ్లరుని పళ్ళ మధ్యకి తోసి బిగించేముందు తాత ఒక బీడీ కట్ట కాయితం చింపి రెండు గేర్ల మధ్య పెట్టాడు. కాయితం నలిగి బయటికి వచ్చింది, చిరగలేదు. పళ్ళ మధ్య అంత ఖాళీ ఉంటే చాలు. మరీ ఒత్తితే గేరు అరుస్తుంది, మరీ వదిలితే కొట్టుకుంటుంది.

టూల్ పట్టడం ఇంకో పంచాయితీ. ఇంగ్లీషు మరకి కోణం 55 డిగ్రీలు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన 1841లో దాన్ని నిర్ణయించాడు. అంతకు ముందు ఇంగ్లండులో ఏ షాపు మర ఆ షాపుదే, ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకి పట్టేది కాదట. మిల్లీమీటరు మరకి 60 డిగ్రీలు. అయిదు డిగ్రీల తేడా కంటికి ఆనదు గానీ నట్టు ఎక్కేటప్పుడు చేతికి తెలుస్తుంది. తాత గ్రైండింగు రాయి మీద టూల్ మొన పట్టి, చేపతోక కోతలున్న చిన్న గేజిలో పెట్టి చూసి, మళ్ళీ పట్టి, మళ్ళీ చూసి, చివరికి నా చేతికిచ్చాడు. నేను చూసి తల ఊపితే గానీ బిగించలేదు. ఆ గౌరవం నాకు బడిలో ఎవరూ ఇవ్వలేదు.

మిగతా మిషనంతా అంగుళాల్లోనే మాట్లాడేది. 20 మిల్లీమీటర్ల లావుకి చెక్కాలంటే మైక్రోమీటరు మీద అంగుళంలో వెయ్యో వంతులు 787 చూడాలి. షాపులో వాటిని థౌ అనేవారు. మర లోతు 0.92 మిల్లీమీటరు కావాలి, హ్యాండిల్ డయల్ మీద అది ముప్పై ఆరు థౌ. ఇవన్నీ తాత నోటి లెక్కలు. ముప్పై ఆరుని ఒక్కసారి దింపకూడదు. మొదట అయిదేసి, తర్వాత మూడేసి, చివర్లో ఒక్కొక్కటి. బ్యాక్ గేరు వేసి చక్‌ని మెల్లగా తిప్పి, మొదటిసారి రాడ్డు మీద గోటి గీతలాంటి గీత మాత్రం గీసి ఆపాడు. స్కేలు పెట్టి నన్ను లెక్కపెట్టమన్నాడు. ముప్పై మిల్లీమీటర్లలో ఇరవై గీతలు. కరెక్టు. అప్పుడు ఆముదం చుక్క వేసి కోత మొదలుపెట్టాడు. ఉంగరాలు తిరిగిన తురుము పొగలు కక్కుతూ ట్రేలో పడుతుంటే ఇనుమూ ఆముదమూ కలిసిన ఒక వాసన. ఇప్పటికీ ఎక్కడ ఆ వాసన తగిలినా నాకు ఆకలేస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళ వాసన కదా.

అంగుళాల మర కోసేటప్పుడు ఒక సుఖం ఉంది. టూల్ చివరిదాకా వెళ్ళాక హాఫ్ నట్ విప్పేస్తే శాడిల్ లీడ్ స్క్రూ నుంచి విడిపోతుంది. చేత్తో వెనక్కి తోసుకొచ్చి, త్రెడ్డింగ్ డయల్ మీద సరైన అంకె దగ్గరకి వచ్చినప్పుడు మళ్ళీ వేస్తే టూల్ పాత గాడిలోనే పడుతుంది. మిల్లీమీటరు మరకి ఆ పప్పులుడకవు. ఒకటిన్నర మిల్లీమీటరు గాడీ పావు అంగుళం గాడీ మళ్ళీ కలిసేది 190.5 మిల్లీమీటర్ల దూరంలో, అంటే కోసే మర 127 చుట్లు, లీడ్ స్క్రూ 30 చుట్లు తిరిగాక. ఆ మధ్యలో ఎక్కడ విప్పి వేసినా టూల్ కొత్త చోట దిగుతుంది, కోసిన మర మీద అడ్డంగా ఇంకో మర పడుతుంది. అందుకని ఒకసారి వేసిన హాఫ్ నట్ పని అయ్యేదాకా విప్పకూడదు. టూల్‌ని బయటికి లాగి, రివర్సు స్విచ్ వేసి, మోటారుతోనే మొత్తం వెనక్కి తిప్పుకు రావాలి. ప్రతి కోతకీ అంతే.

ఆ కోతల మధ్యలోనే కరెంటు పోయేది. పోకపోతే ఆశ్చర్యం. అప్పుడు షెడ్డులో ఎవరూ మిషను మీద చెయ్యి వేయకూడదు. తాత హాఫ్ నట్ పిడికి ఎర్ర గుడ్డ కట్టి బయట అరుగు మీద కూర్చునేవాడు. లారీ క్లీనరు పదిసార్లు వచ్చి చూసిపోయేవాడు. “విప్పేసి చేత్తో కానిచ్చేద్దురూ,” అంటే తాత సమాధానం చెప్పేవాడు కాదు. మావయ్యే చెప్పేవాడు, “మేస్త్రిగారు ఒప్పుకోరు బాబూ, టీ తాగిరా.” సాయంత్రం కరెంటు వచ్చాక టూల్ అదే గాడిలో దిగేది. చివరికి టాటా లారీ నట్టు తెచ్చి స్టడ్డుకి ఎక్కిస్తే, మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా రెండు వేళ్ళతో తిప్పితే వెళ్ళిపోయింది.

ఆ చక్రం గురించి చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన విషయం ఒకటుంది. అంగుళం అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లని అమెరికా, బ్రిటన్ తదితర దేశాలు ఒప్పందానికి వచ్చి అమలుపెట్టింది 1959 జూలై 1 నుంచి. అంతకుముందు బ్రిటిషు అంగుళం దానికన్నా రవ్వంత తక్కువ, అమెరికా అంగుళం రవ్వంత ఎక్కువ. ఆ రవ్వలు మిల్లీమీటరులో పదివేలో వంతు కన్నా చిన్నవి. ఫ్యాక్టరీల్లో మాత్రం అంతకు చాలా ముందే 25.4 వాడుకలో స్థిరపడింది, బ్రిటన్‌లో 1930లో ప్రమాణాల సంస్థ కూడా పరిశ్రమల కోసం దాన్నే తీసుకుంది. అంటే 127 పళ్ళ చక్రం ముందు వచ్చింది, దానికి సరిపడే అంగుళం తర్వాత వచ్చింది. చట్టం చేసిన పెద్దలు షాపుల్లో అప్పటికే తిరుగుతున్న చక్రానికి ముద్ర వేశారంటే నాకు తప్పుగా తోచదు. మెట్రిక్ కొలతల గురించి మనవాళ్ళు రాసిన వ్యాసాల్లో నయా పైసలుంటాయి, కిలో రాళ్ళుంటాయి. లేతు పక్కన గోడకి తగిలించిన ఈ చక్రం ఊసుండదు. దేశంలో ఇంగ్లీషు లేతులన్నీ ఒక్కరోజులో తీసి పారెయ్యలేదు కదా. వాటితోనే కొత్త కొలతల నట్లూ బోల్టులూ కోసుకుంటూ ఆ మార్పుని దాటించినవాళ్ళు తాతలాంటి మేస్త్రులు.

ఒక ఏడాది ఆ చక్రానికి పన్ను విరిగింది. పోత ఇనుము కాబట్టి వంగదు, విరుగుతుంది. ఐడ్లరు బిగించిన బోల్టు వదులై, మిషను నడుస్తుండగా గేర్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. పెద్ద చప్పుడేమీ రాలేదు, టక్కుమంది, అంతే. తాత విరిగిన ముక్కని తురుములోంచి అయస్కాంతంతో వెతికి తీసి జేబులో వేసుకున్నాడు. కొత్త చక్రం కోయించుకుందామని మావయ్య విశాఖ వెళ్ళాడు. మిల్లింగ్ మిషన్లున్నాయి గానీ, 127 అనగానే పెదవి విరిచారట. గేరు కోయడానికి చుట్టుని సమానంగా భాగించే ప్లేట్లుంటాయి, వాటి మీద మామూలుగా 127కి సరిపడే కన్నాల వరస ఉండదు. దానికి వేరే గేర్లు కట్టి ఇంకో పద్ధతిలో భాగించాలి. ఒక్క చక్రం కోసం అంత పని ఎవరు పెట్టుకుంటారు?

టాటా లారీలు మాత్రం విరుగుతూనే ఉన్నాయి. తాత ఒక మధ్యాహ్నమంతా అరుగు మీద సుద్దతో హెచ్చవేతలు వేశాడు. సాయంత్రానికి గోడ మీది పట్టీలో ఒకటిన్నర పక్కన కొత్త వరస చేరింది. పైన 65, 20. కింద 55, 100. అన్నీ డబ్బాలోవే. ఖరగ్‌పూర్‌లో ఎవరో చేయగా చూసింది జ్ఞాపకం చేసుకున్నాడో, సొంతంగానే రాబట్టాడో చెప్పలేదు. నేను పెద్దయ్యాక లెక్క కట్టి చూశాను. పైవి రెండూ హెచ్చిస్తే 1300, కిందవి 5500. కుదిస్తే యాభై అయిదింట పదమూడు. అసలు కావలసింది నూటిరవయ్యేడింట ముప్పై. ఈ రెంటికీ తేడా 1650లో ఒకటో వంతు. అంగుళం పొడుగు నట్టులో అది మిల్లీమీటరులో వందో వంతు పైచిలుకు, నట్టు హాయిగా ఎక్కుతుంది. అడుగు పొడుగు కడ్డీకైతే చివరికి ఇంచుమించు 0.18 మిల్లీమీటరు తేడా పేరుకుంటుంది, అది పనికిరాదు. తాత ఆ తేడా అంకెల్లో చెప్పలేదు గానీ, పొడుగు పని వస్తే మాత్రం, “అది పెద్ద సక్రం బాగయ్యాకే” అని తిప్పి పంపేసేవాడు.

బాగు చేసింది కూడా ఆయనే. పన్ను విరిగిన చోట గాడి తవ్వి, చిన్న కన్నాలు వేసి, వాటిలో మర మేకులు బిగించి, వాటి చుట్టూ ఇత్తడి కరిగించి పోయించాడు. పోత ఇనుము ఒక్కసారి వేడెక్కితే పగులుతుందని ముందు చక్రాన్నంతా బొగ్గుల మీద మెల్లగా కాచి, బ్రేజింగు అయ్యాక సున్నపు పొడిలో పూడ్చి, తెల్లారేదాకా కదపనివ్వలేదు. మర్నాడు అది నల్లటి చక్రానికి పచ్చటి ముద్దలా ఉంది. పక్క పళ్ళ ఆకారం తగరపు రేకు మీద గీసుకుని, రేకుని కత్తిరించి, ఆ అచ్చు ఆనించి చూసుకుంటూ ఆకురాయితో ఆ ముద్దని పన్ను చేశాడు. రేకు పట్టుకున్నది నేను. ఆకురాయి ఒక్కో తోపుకి ఎంత ఇత్తడి రాలుతుందో నాకు తెలుసు. ఏమీ రాలనట్టే ఉంటుంది. మూడో రోజుకి అది పన్ను. చక్రం తిరుగుతున్నప్పుడు ఆ పచ్చ పన్ను వచ్చిన ప్రతిసారీ చప్పుడు కొంచెం మారేది, మర మీద మాత్రం ఏ జాడా కనిపించేది కాదు.

ఆ ఏడు విశ్వకర్మ పూజకి చక్రానికి కూడా బొట్టు పెట్టారు. మా వైపు దసరాకి ఆయుధపూజ చేస్తారు, మావయ్యదీ అదే. తాత ఖరగ్‌పూర్ నుంచి సెప్టెంబరులో వచ్చే విశ్వకర్మ పూజ పట్టుకొచ్చాడు. రెండూ చేసేవాళ్ళం. రెండు సార్లు కొబ్బరికాయ, రెండు సార్లు మిషనుకి సెలవు. ఆ విషయంలో పాలోళ్ళ మధ్య తగువేమీ రాలేదు.

తాత పోయాక షెడ్డు మరికొన్నాళ్ళు నడిచింది. ఐటీఐ చదివిన ఒకతను వచ్చాడు, మంచి పనివాడే. ఆ తర్వాత విశాఖ దుకాణాల్లో అన్ని సైజుల మిల్లీమీటరు బోల్టులూ పెట్టెల్లో దొరకడం మొదలైంది. ఒక్క స్టడ్డు కోసం మధ్యాహ్నమంతా కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. గేరు పెట్టెలో మీట మారిస్తే అంగుళమూ మిల్లీమీటరూ రెండూ కోసే లేతులొచ్చాయి, ఇప్పుడు కంప్యూటర్ లేతులకి గేర్లే మార్చనక్కర్లేదు, పిచ్ ఎంతో అంకె కొడితే చాలు. అంగుళం మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ ఇంటి కుళాయికి వేసిన అర అంగుళం పైపు మర ఈనాటికీ అంగుళానికి పధ్నాలుగు చుట్లే, విట్‌వర్త్‌గారి 55 డిగ్రీలే.

మావయ్య మిషను అమ్మేశాడు. కొన్నవాళ్ళు లేతు లారీ ఎక్కించుకుపోయారు, గేర్ల డబ్బా సంగతి వాళ్ళూ అడగలేదు, అప్పటికి మావయ్య ఊళ్ళోనూ లేడు. తర్వాత షెడ్డు ఖాళీ చేసినప్పుడు అదీ, గోడకున్న 127 చక్రమూ పాత ఇనుముతో పాటు తూకానికి పోయాయి. కిలోల్లోనే తూచి ఉంటారు. కొన్ని నెలలకి కొన్నవాళ్ళు కబురు చేశారు, మిల్లీమీటరు మర ఎలా కొయ్యాలో చెప్పమని.

అందుకని పాత లేతు కొనబోయేవాళ్ళకి ఒక మాట. బెడ్ ఎంత అరిగిందో, చక్ సరిగ్గా పట్టుకుంటోందో లేదో ఎలాగూ చూస్తారు. లీడ్ స్క్రూ మీద అంగుళాల స్కేలు కూడా పెట్టి చూడండి. అంగుళానికి నాలుగో ఎనిమిదో మరలు సరిగ్గా కుదిరితే అది అంగుళాల మిషను. గేరు పెట్టెలో మిల్లీమీటరు మీట లేకపోతే వెంటనే చేంజ్ గేర్ల డబ్బా అడగండి, మూత తీయించి 127 ఉందో లేదో చూడండి, గోడల మీద మేకులకి తగిలించి ఉందేమో కూడా చూడండి. పన్ను విరిగి ఉన్నా తీసుకోండి, ఇత్తడితో బాగుపడుతుంది. అసలు లేదంటే ఆ మేరకు ధర తగ్గించమని గట్టిగా అడగండి.